హృద్రోగము – హృదయదౌర్బల్యము

శ్రీమద్భగవద్గీతలోని ప్రథమాధ్యాయమును పాఠము చెప్పునపుడు మాబోటి పండితులు సాధారణముగా త్వరపడుదురు. శంఖధ్వనులును, సేనానాయకుల పేర్లును ముగియగానే, ఉపదేశము ద్వితీయాధ్యాయమున గదా ఆరంభమగునది అని ముందునకు సాగిపోవుదురు. నేనును అట్లు సాగిపోయినవాడనే. 32 సంవత్సరములు విద్యార్థులకు ఆ అధ్యాయమును బోధించితిని. అర్జునుని అవయవములు పట్టు తప్పుట, నోరెండిపోవుట, శరీరము వణకుట, రోమములు నిక్కబొడుచుకొనుట, చేతినుండి గాండీవము జారిపోవుట, చర్మము మండుట, నిలువలేకపోవుట, మనస్సు గిరగిర తిరుగుట, ఈ లక్షణములకు ప్రతిపదార్థము చెప్పి, "ఇది విషాదము" అని ఒక్కమాటతో ముగించుచుంటిని. అవి నా శరీరమునకే సంభవించువరకు వాని అర్థము నాకు తెలియలేదు.

పాఠకమహాశయులారా! ఈ వ్యాసమున రెండు పదముల భేదమును విచారింపదలచినాను. ఒకటి హృద్రోగము. ఇది ఆయుర్వేదగ్రంథములలోని మాట. రెండవది హృదయదౌర్బల్యము. ఇది భగవానుడు ద్వితీయాధ్యాయారంభమున అర్జునునితో పలికిన మాట. మొదటిది గుండె అను అవయవమునకు కలుగు వ్యాధి. రెండవది శోకభయములచేత మనస్సు కలతచెందగా గుండెయందు కనిపించు బాధ. హృద్రోగమును దౌర్బల్యమని తలచి ఉపేక్షించినచో ప్రాణహాని. దౌర్బల్యమును హృద్రోగమని తలచి నిత్యము భయపడినచో బ్రతుకే భారము. ఈ రెండు పొరపాట్లును నేను చేసితిని. కావున ఇతరులు చేయకుండుటకై వ్రాయుచున్నాను.

ఒకనాటి సాయంకాలము

నాతోపాటు పాఠశాలలో చదువుకొన్న మిత్రులొకరు వ్యాకరణ విద్వాంసులు. పదవీవిరమణానంతరము మేమిరువురమును ఒకే వీధిలో నివసించుచుంటిమి. ప్రతిదినము సాయంసంధ్యకు పూర్వము వారి అరుగుమీద కూర్చుండి ఏదో ఒక సూత్రమును గూర్చి వాదించుకొనుట మాకు అలవాటు. ఒకనాడు వారు మాట మధ్యలో ఆగి, ఎదురురొమ్మును అరచేతితో అదుముకొని, "ఏమోయ్, ఇక్కడ రోలు పెట్టినట్లున్నది" అనిరి. నుదుట చెమట పోసినది. ఆనాడు మధ్యాహ్నము వారు ఒక బంధువుల ఇంట ఆబ్దికభోజనము చేసి వచ్చియుండిరి. నేను నవ్వి, "గారెల ప్రభావమయ్యా అది. వాము నమిలి వేడినీళ్ళు త్రాగు" అంటిని. వారును నవ్విరి. నేను ఇంటికి వచ్చి సంధ్య వార్చుకొని నిద్రించితిని. తెల్లవారుజామున వారి కుమారుడు వచ్చి తలుపు తట్టినాడు. అప్పటికే అంతయు ముగిసినది.

పిమ్మట మూడు మాసములకు, సరిగా ఆ సాయంకాలపు వేళకే, నా గుండె దడదడలాడుట మొదలుపెట్టినది. ఎడమరొమ్ములో సూదితో పొడిచినట్లు నొప్పి. నోరు ఎండినది. వ్రేళ్ళు తిమ్మిరులెక్కినవి. ఎంత పీల్చినను ఊపిరి చాలనట్లుండెను. "ఇక నా వంతు వచ్చినది" అని నిశ్చయించుకొంటిని. నా భార్యయు, ప్రక్కయింటివారును నన్ను ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఇ.సి.జి. తీసిరి. రక్తము పరీక్షించిరి. మరునాడు ఎకో అను పరీక్షయు చేసిరి. గుండెయందు దోషము లేదనిరి. ఇంటికి వచ్చితిని. వారము గడువకముందే మరల అదే బాధ. ఆ విధముగా నాలుగు మాసములలో మూడు ఆసుపత్రులు తిరిగితిని. నడక మానితిని. మెట్లెక్కుట మానితిని. ఎల్లవేళల ముంజేతిని పట్టుకొని నాడి లెక్కించుకొనుచుంటిని. సంధ్యావందనమున గాయత్రి జపించునపుడు సైతము ఒక చేయి నాడిమీదనే యుండెను. జపసంఖ్య తప్పినది కాని నాడిసంఖ్య తప్పలేదు.

మూడవచోట చూచిన యువకుడైన వైద్యుడు కాగితములన్నిటిని ఓపికగా చదివి ఇట్లు చెప్పిరి: "స్వామీ, మీ గుండె బాగానే ఉన్నది. అయితే మీకు బాధ లేదని నేననడం లేదు. బాధ నిజమే. అది గుండెలో పుట్టినది కాదు, గుండెకు చేరినది. ఇది మొదలైన రోజులలో మీ ఇంట ఏమైనా జరిగినదా?" ఏమియు జరుగలేదని బదులు చెప్పి వచ్చితిని. ఆ ప్రశ్న మాత్రము నాతోనే ఇంటికి వచ్చినది.

భయవేళ శరీరము చేయు పని

పులి ఎదురైనపుడు మనుష్యుడు పరుగెత్తవలెను, లేదా పోరాడవలెను. ఈ రెంటికిని శరీరమును క్షణములో సిద్ధపరచు ఏర్పాటు మనయందు కలదు. భయము కలుగగానే సింపథెటిక్ నాడులను నాడీసముదాయము మేల్కొనును. మూత్రపిండములపై టోపీలవలె నుండు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. విశ్రాంతిలో నిమిషమునకు 60 మొదలు 100 వరకు కొట్టుకొను గుండె అంతకు మించి కొట్టుకొనును. కాళ్ళు చేతుల కండరములకు రక్తము హెచ్చుగా ప్రవహించును. లాలాజలము తగ్గి నోరు ఎండును. చెమట పోయును. రోమములు నిక్కబొడుచుకొనును. కండరములు బిగిసి వణకును. రొమ్ము కండరములు బిగియుటచే అచ్చట నొప్పి కలుగును.

ఊపిరి వేగమగుటచే మరియొక చిక్కు కలదు. అవసరమునకు మించి శ్వాసించినపుడు రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవును. దానివలన మెదడునకు పోవు రక్తనాళములు కొంత సంకోచించి తల తిరుగును. పెదవులు, వ్రేళ్ళు తిమ్మిరులెక్కును. రోగి ఊపిరి చాలలేదని తలచి ఇంకను వేగముగా పీల్చును. బాధ ఇంకను పెరుగును. ఇట్టి ఉద్ధృతి కొన్ని నిమిషములలో శిఖరమునకు చేరి, తరచుగా అరగంటలోపల తగ్గుముఖము పట్టును.

గీతలోని లక్షణములను ఈ వివరణముతో పోల్చిచూడుడు. నోరెండుట, వణకు, రోమాంచము, చేతిపట్టు సడలుట, చర్మతాపము, నిలువలేకపోవుట, తల తిరుగుట, ఒక్కటియైన విడిచిపెట్టబడలేదు. వ్యాసమహర్షి చూపినది మహావీరుని శరీరమే. ఆ శరీరమునందు రోగము లేదు.

పులి లేనిచోట ఈ ఏర్పాటు మేల్కొన్నచో ఏమగును? శరీరము సిద్ధమైనది, కాని పరుగెత్తవలసిన చోటు లేదు. అప్పుడు మనస్సు ఆ దడనే చూచి భయపడును. భయమునుండి దడ, దడనుండి భయము. తర్కశాస్త్రమున దీనిని బీజాంకురన్యాయమందురు. విత్తునుండి మొలక, మొలకనుండి విత్తు. ఏది ముందో తెలియదు, ఎచ్చటనో ఒకచోట త్రెంచినగాని ఆగదు.

"ఏమీ లేదు, అంతా భ్రమ" అని కొందరు రోగిని త్రోసివేయుదురు. చీకటిలో త్రాటిని చూచి పామని బెదరినవాని దృష్టాంతము లోకప్రసిద్ధము. దానిపై వేదాంతుల వాదములతో ఇచ్చట పని లేదు. ఒక్క విషయము మాత్రము గమనింపుడు. అచ్చట పాము లేకపోవచ్చును. వానికి పట్టిన చెమటయు, వణకును ఉన్నవే కదా! దీపము తెచ్చి చూపువాడు కావలెను, పరిహసించువాడు కాదు.

ఉత్తరుడు, అర్జునుడు

అర్జునుడు పిరికివాడా? కాదనుటకు ప్రమాణము విరాటపర్వమున కలదు. ఉత్తరగోగ్రహణమున భీష్మద్రోణకర్ణాదులందరును ఎదుట నిలిచియుండగా అర్జునుడు ఒంటరిగా పోరాడి గెలిచెను. కురుక్షేత్రమునను వారే భీష్మద్రోణులు, అదే గాండీవము, అదే బాహుబలము. నాడు చలింపని శరీరము నేడు కూలబడినది. మారినది శరీరము కాదు, తలపు. గోగ్రహణమున వాని మనస్సు ఆవులను మరల్చుటయందుండెను. కురుక్షేత్రమున "నావారిని నేనే చంపవలెనా" అను తలపునందు చిక్కుకొన్నది.

అదే విరాటపర్వమున మరియొక చిత్రము కలదు. తిక్కనామాత్యుని తెలుగున దానిని ఎరుగని ఇల్లు మన దేశమున అరుదు. అంతఃపురమున ప్రగల్భములు పలికిన ఉత్తరకుమారుడు కౌరవసేనను చూడగానే రోమాంచితుడై, వణకి, రథమునుండి దుమికి పారిపోయెను. బృహన్నలవేషముననున్న అర్జునుడు వెంబడించి వానిని పట్టుకొని, పోరాడుమని ఒత్తిడి చేయలేదు. ఇంటికి పంపివేయనులేదు. "నేను పోరాడెదను, నీవు పగ్గములు పట్టుము" అనెను. చేయలేని పనిని తాను తీసికొని, చేయగల పనిని వానికిచ్చెను. జమ్మిచెట్టునొద్దకు తీసికొనిపోయి ఆయుధములను దింపించెను. తానెవరో తెలిపెను. క్రమముగా ఉత్తరుని వణకు తగ్గి, యుద్ధమధ్యమున రథము నడుపగలవాడయ్యెను. భయగ్రస్తుని ఎట్లు నిలువబెట్టవలెనో ఇంతకంటె చక్కగా చెప్పిన ఘట్టమును నేనెరుగను. ఒకనాడు ఉత్తరుని నిలువబెట్టినవాడే కురుక్షేత్రమున తానే కూలబడినాడు. ఈ దౌర్బల్యము ఎవరికైనను రాగలదని దీనివలన తెలియుచున్నది.

ఇతరదేశముల యుద్ధములలోను ఇట్టి లక్షణములు కనిపించినవి. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు అంతర్యుద్ధము జరిగినది. ఆ కాలమున గుండెదడ, రొమ్మునొప్పి, ఆయాసములతో వచ్చిన సైనికులను ఫిలడెల్ఫియా నగరవైద్యుడు జాకబ్ డా కోస్టా పరిశీలించెను. 300 మందికి పైగా సైనికుల వృత్తాంతముల ఆధారముగా ఆయన 1871లో ఒక వ్యాసమును ప్రకటించెను. పలువురియందు గుండె వ్యాధిగ్రస్తమైనట్లు గుర్తులు కనిపింపలేదు. ఆ బాధకు "సైనికుని గుండె" అను పేరు ఏర్పడినది. 1914–18 మహాయుద్ధమున బ్రిటిషు సైనికులలో మరల ఇదే కనిపింపగా థామస్ లూయిస్ అను హృదయవైద్యుడు దీనిని విస్తారముగా పరిశోధించెను. 1980లో అమెరికా మానసికవైద్యుల రోగవర్గీకరణ గ్రంథమున, అకస్మాత్తుగా భయము ముంచుకొనివచ్చు ఈ స్థితికి పానిక్ డిజార్డర్ అను పేరుతో ప్రత్యేకస్థానము లభించినది.

ఆచార్యుల మాట

యామునాచార్యులవారు గీతార్థసంగ్రహమున అర్జునుని వ్యాకులతకు కారణములను తెలిపియున్నారు. తగనిచోట స్నేహము, తగనిచోట కారుణ్యము, ధర్మమును అధర్మమని భ్రమించిన భయము. పిరికితనము ఆ జాబితాలో లేదు. ఇది మనము ముఖ్యముగా గమనింపదగినది. ఈ బాధ కలుగువారిలో అనేకులు ఇతరులకొరకు ఎక్కువగా ఆరాటపడువారు, తాము తప్పు చేసితిమేమో అని లోలోపల కుమిలిపోవువారు.

భగవానుడు మొదట అర్జునుని మందలించిన మాట వాస్తవమే. హృదయదౌర్బల్యము అను పదము ఆ మందలింపులోనిదే. ఈ మాటను పట్టుకొని కొందరు గృహస్థులు తమ ఇంటివారిని గద్దించుచుందురు. గీతను మరి నాలుగు శ్లోకములు ముందునకు చదువవలెను. ఆ మందలింపువలన అర్జునుడు లేచి నిలిచెనా? లేదు. తన శోకము ఇంద్రియములను ఎండగట్టుచున్నదని చెప్పి, యుద్ధము చేయనని పలికి ఊరకుండెను. అప్పుడు స్వామి చిరునవ్వుతో ఉపదేశమును ఆరంభించెను. ఆ సంభాషణము 18 అధ్యాయములు సాగినది. అర్జునుడు అడిగిన ప్రశ్ననే మరల అడిగినను స్వామి విసుగుకొనలేదు. చివరకు అర్జునుడే తన మోహము తొలగినదని చెప్పెను. ఒక్క గద్దింపుతో సాక్షాత్తు అర్జునునికే తగ్గని దౌర్బల్యము మన గద్దింపుతో మన ఇంటివారికి తగ్గునా?

చరకుడు చెప్పినది

చరకసంహితలోని సూత్రస్థానమున 30వ అధ్యాయము హృదయమును గూర్చినది. హృదయమును, దానియందలి ఓజస్సును రక్షించుకొనదలచినవాడు మనస్సునకు దుఃఖము కలిగించు హేతువులను విశేషముగా పరిహరింపవలెనని అచ్చట చెప్పబడినది. 17వ అధ్యాయమున వాతజహృద్రోగమునకు చెప్పిన కారణములలో మొదటిది శోకము. తరువాత ఉపవాసము, అతివ్యాయామము, రూక్షమును అల్పమును అగు భోజనము చెప్పబడినవి. మానసికదోషములకు ఔషధముగా మొదటి అధ్యాయముననే జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి అను ఐదు పేర్కొనబడినవి.

శోకము గుండెను తాకుననుటకు రామాయణమున దశరథమహారాజు చరిత్ర మనకు పరిచితము. శ్రీరాముడు వనమునకు వెడలిన ఆరవనాటి రాత్రి ఆయన పుత్రశోకముతో ప్రాణములు విడిచెను. 1990లో జపానుదేశపు వైద్యులు ఒక స్థితికి టాకోట్సుబో అను పేరు పెట్టిరి. అది ఆ దేశపు జాలరులు ఆక్టోపస్ అను జలచరమును పట్టుటకు ఉపయోగించు కుండ పేరు. తీవ్రశోకమో భయమో కలిగినపుడు, రక్తనాళములలో అడ్డంకి లేకున్నను, గుండె ఎడమగది ఉబ్బి ఆ కుండ ఆకారమును పొంది బలహీనపడును. ముట్లుడిగిన స్త్రీలలో ఇది ఎక్కువగా కనిపించును. లక్షణములు గుండెపోటువలెనే యుండును. వైద్యముతో చాలమందికి కొన్ని వారములలో నయమగును. కొందరికి ప్రాణాపాయమును కలుగవచ్చును. ఇదికాక, 52 దేశములలో జరిపి 2004లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ అను పరిశోధనలో, పొగత్రాగుట, రక్తపుపోటు, మధుమేహము మొదలగువానితోపాటు మానసిక ఒత్తిడియు గుండెపోటునకు కారణములలో ఒకటిగా గుర్తింపబడినది. కావున మనోవ్యథయే కదా అని ఉపేక్షించుటయు తగదు.

మొదట పరీక్ష, తరువాత ధైర్యము

ఇప్పుడు అతిముఖ్యమైన మాట. రొమ్మునొప్పి మొదటిసారి వచ్చినపుడు, ఇది గుండెదా, మనస్సుదా, వాయువుదా అని ఇంటిలో కూర్చుండి నిర్ణయింపరాదు. రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు, బిగించినట్లు నొప్పి కలిగినను, అది ఎడమచేతికో, దవడకో, మెడకో, వీపునకో ప్రాకినను, చెమట, ఆయాసము, వాంతి, సొమ్మసిల్లుట తోడైనను, నడచినపుడు వచ్చి ఆగినపుడు తగ్గుచున్నను, వెంటనే ఆసుపత్రికి పోవలెను. 108కు ఫోను చేసినచో వాహనము వచ్చును. మధుమేహము కలవారికిని, వృద్ధులకును, స్త్రీలకును నొప్పి స్పష్టముగా లేక, ఆయాసమో, నీరసమో, కడుపులో మంటయో మాత్రమే కనిపింపవచ్చును. గుండెపోటులో ప్రతి నిమిషమును విలువైనదే. ఆలస్యమైనకొలది గుండె కండరము నశించును. వాము, జీలకర్ర, వేడినీళ్ళు తరువాత. నా మిత్రుని విషయమున ఈ క్రమమును తారుమారు చేసినవాడను నేనే.

ఆందోళనవలన కలుగు నొప్పి తరచుగా ఒకేచోట, వ్రేలితో చూపగలిగినట్లు, సూదిపోటువలె నుండును. విశ్రాంతిలో వచ్చును. వ్రేళ్ళ తిమ్మిరి తోడగును. కాని ఈ భేదము పూర్తిగా నమ్మదగినది కాదు. రక్తహీనత, థైరాయిడు గ్రంథి దోషము, గుండె లయతప్పుట కూడ దడను కలిగించును. లయదోషము ఒక్క ఇ.సి.జి.లో దొరకకపోవచ్చును. అప్పుడు 24 గంటలు గుండెలయను వ్రాసికొను యంత్రమును వైద్యులు కట్టెదరు. అన్నకోశమునుండి ఆమ్లము పైకి ఎగదన్నినను రొమ్ము మండును. కాఫీ, పొగాకు, మాబోటివారికి అలవాటైన ముక్కుపొడుము గూడ దడను హెచ్చించును.

వైద్యుడు సమగ్రముగా పరీక్షించి గుండె ఆరోగ్యముగా నున్నదని చెప్పిన పిమ్మట ఆ మాటను నమ్మవలెను. దినదినము కొత్త పరీక్షలు చేయించుకొనుటవలన ధైర్యము రాదు, సందేహమే పెరుగును. అయితే మునుపు లేని క్రొత్త లక్షణము కనిపించినచో తిరిగి చూపుకొనుట తప్పు కాదు.

ఆచరింపదగినవి

మొదటిది శ్వాస. దడ వచ్చినపుడు కూర్చుండి, ముక్కుతో మెల్లగా పీల్చి, పీల్చినదానికంటె ఎక్కువసేపు మెల్లగా విడువవలెను. ఊపిరి బిగబట్టవలసిన పని లేదు. పది నిమిషములు ఇట్లు చేసినచో ఉద్ధృతి తగ్గుట నాకు అనుభవము.

రెండవది పని. భయముచే విడిచిపెట్టిన పనులను ఉత్తరుని పద్ధతిలో కొద్దికొద్దిగా మరల చేపట్టవలెను. నేను మొదటిదినము వీధిచివరకు నడచితిని. మరుసటి వారము కోవెలవరకు నడచితిని. గుండె వేగముగా కొట్టుకొనెను. నడచినవాని గుండె కొట్టుకొనక ఏమి చేయును అని నాకు నేనే చెప్పుకొంటిని.

మూడవది చికిత్స. మనస్సునకు వైద్యుని చూపుకొనుట సిగ్గుపడవలసినది కాదు. భయమును పుట్టించు తలపులను గుర్తించి సరిచేయు సంభాషణచికిత్స ఈ బాధకు మంచి ఫలితమునిచ్చును. కొందరికి మందులును అవసరమగును. వానిని వైద్యుని అడుగక మానరాదు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి, తెలుగులోనే ఉచితముగా మాట్లాడవచ్చును. నామజపము మనస్సునకు ఊత. అది మందునకు బదులు కాదు. మందు వేసికొనుట భక్తిలోపమును కాదు.

నాలుగవది ఇంటివారి ధర్మము. "నీకేమీ లేదు" అనుటకు బదులు "నీకు బాధగా ఉన్నది, నేను ప్రక్కన ఉన్నాను" అనవలెను. ఇది చిన్నమాటయే. కాని సారథి ప్రక్కన నున్నాడని తెలిసినవానికి రథము కదలును.

యాత్రికులకు ఒక మనవి. అలిపిరినుండి తిరుమలకు కాలినడకన పోవుత్రోవలో 3,550 మెట్లు కలవు. గుండెజబ్బు, ఉబ్బసము, అధిక రక్తపుపోటు కలవారు వైద్యుని అనుమతి లేక ఎక్కరాదు. ఏకాదశి యనియో, దర్శనమునకు ముందు ఉపవాసమనియో నిత్యము వేసికొను మాత్రలను మానరాదు. మెట్లెక్కునపుడు రొమ్ములో బరువు తోచినచో మ్రొక్కు తప్పునని ముందునకు సాగక, అచ్చటనే కూర్చుండి సహాయము కోరవలెను. ఆరోగ్యవంతులు మాత్రము ఆయాసమునకు బెదరనవసరము లేదు, కొంతసేపు నిలిచి మరల ఎక్కవచ్చును. క్యూ గదులలో జనసమ్మర్దమువలన దడపుట్టువారు కొందరు కలరు. అట్టివారిని కూర్చుండబెట్టి, గాలి ఆడునట్లు చేసి, పలుకరించుచుండవలెను. బాధ తగ్గనిచో వెంటనే అచ్చటి సిబ్బందికి తెలుపవలెను.

చెప్పుకొనిన దుఃఖము

వైద్యుడు అడిగిన ప్రశ్నకు నేను బదులు చెప్పలేదని వ్రాసితిని. బదులు నాకు తెలియకపోలేదు. నోట రాలేదు. మిత్రుని మరణమునకు నా మాటయే కారణమని నాలో ఒక తీర్పు జరిగిపోయినది. యామునాచార్యులవారు చెప్పిన ధర్మాధర్మభయము అదియే. ఒకనాటి రాత్రి నా భార్యతో చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండి, "ఈ మాట చెప్పవలసినది నాకు కాదు, వారింటికి వెళ్ళండి" అన్నది.

మరునాటి సాయంకాలము, తొమ్మిది మాసముల తరువాత, ఆ అరుగెక్కితిని. మిత్రుని భార్యతో జరిగినదంతయు చెప్పితిని. ఆమె కన్నీరు తుడుచుకొని, "అన్నయ్యగారూ, మీరు వెళ్ళిన తరువాత ఆయన నాతోనూ అదేమాట అన్నారు. వాము నూరి ఇచ్చినది నేనే. ఈ మాట ఇంతవరకు మా అబ్బాయికి కూడా చెప్పుకోలేదు" అన్నది. ఒకే భారమును ఇద్దరమును విడివిడిగా మోయుచుంటిమి. ఆమెకును రాత్రులయందు గుండెదడ వచ్చుచున్నదట. ఆ వారముననే ఆమె కుమారునితో చెప్పి ఆమెను ఆసుపత్రికి పంపించితిని. మొదట పరీక్ష, తరువాతనే ధైర్యము.

నా దడ ఆనాటితో మాయమైనదని చెప్పను. అప్పుడప్పుడు సాయంకాలవేళ వచ్చును. వచ్చినపుడు ఇది ఏమో నాకు తెలియును. చేయి నాడిమీదకు పోదు. మిత్రుని తలచుకొని నాలుగు శ్వాసలు మెల్లగా విడిచి సంధ్యకు లేచెదను. ఇప్పుడు ఎవరైనను ప్రథమాధ్యాయము చెప్పుమని వచ్చినచో త్వరపడుట లేదు. గాండీవము జారినచోట ఆగి, "నాయనా, ఇట్టిది నీ ఇంట ఎవరికైనా ఉన్నదా?" అని అడిగి, ఆ పిమ్మటనే ముందునకు సాగుచున్నాను.

స్వస్తి.